పరుపు కింది మూట: ‘ఒతీలియా మర్మం’పై పాఠకుల ప్రశ్నలు

పోయిన సంచికలో రుమేనియా నవల ‘ఒతీలియా మర్మం’ పరిచయం చేశాం. జార్జె కలినెస్కు రాసిన ఈ నవల 1938లో అచ్చయింది. వచ్చిన ఉత్తరాల్లో సగం ఆస్తి గురించి, సగం ప్రేమ గురించి. కథ చివర ఏమవుతుందో కూడా ఈ జవాబుల్లో ఉంది. ముగింపు తెలియకుండా చదవాలనుకునేవాళ్లు ఈ పేజీలు దాచి పెట్టుకుని తర్వాత చూడండి.

పేర్లు నోరు తిరగడం లేదు. ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా తికమకగా ఉంది. – ఒక పాఠకురాలు, తెనాలి

పేర్ల సంగతి ముందు. రుమేనియన్‌లో ‘టి’ అక్షరాన్ని మన ‘త’లాగే పలుకుతారు, ‘ట’ కాదు. అందుకే ఒతీలియా, ఒటీలియా కాదు. సి, హెచ్, ఇ వరసగా వస్తే ‘కె’. కథలో ముసలాయన పేరు కొస్తాకె. కొస్టాచె అంటే రాజధాని బుకారెస్ట్‌లో ఎవరూ పలకరు. ‘టి’ కింద చిన్న తోక ఉంటే ‘త్స’, ‘ఎస్’ కింద ఉంటే ‘ష’. ‘ఎ’ మీద నెలవంక లాంటి గుర్తు ఉంటే పొట్టి ‘అ’. రచయిత ఇంటిపేరు కాలినెస్కు కాకుండా కలినెస్కు అయింది ఆ నెలవంక వల్లే.

ఇక చుట్టరికాలు. ఒక కాగితం తీసుకుని మధ్యలో కొస్తాకె జుర్జువెయాను పేరు రాసుకోండి. బుకారెస్ట్‌లో ఆంతిమ్ వీధిలో ఇల్లు, అద్దెకిచ్చిన ఇళ్లు, బోలెడు డబ్బు. సొంత పిల్లలు లేరు. ఆయన రెండో భార్యకి మొదటి పెళ్లి వల్ల పుట్టిన కూతురు ఒతీలియా. ఆ భార్య పోయింది, పిల్ల ఆయన దగ్గరే పెరిగింది. ఆయన్ని ‘పపా’ అని పిలుస్తుంది, ఆయన ‘ఒతీలీకా’ అని ముద్దు చేస్తాడు. కాగితం మీద మాత్రం ఆమె ఆయనకి ఏమీ కాదు.

ఎడమ పక్కన ఆయన చెల్లెలు అగ్లాయె, ఆమె భర్త సిమియోన్ తూల్యా. పక్కిల్లే. వాళ్లకి ముగ్గురు పిల్లలు: ఒలింపియా, పెళ్లికాని ఆవురీక, కొడుకు తీతీ. ఒలింపియా మొగుడు స్తనీక రాత్సియు, కేసుల్లేని వకీలు. కుడి పక్కన ఫెలిక్స్ సీమా అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు. తండ్రి డాక్టరు, చనిపోయాడు. కొస్తాకె ఇతనికి సంరక్షకుడు. యాష్ పట్నంలో చదువు ముగించుకుని మెడిసిన్ చదవడానికి వస్తాడు. కాగితం అంచున, ఏ గీతా కలపకుండా, లెయొనీదా పస్కలొపోల్ అని రాయండి. యాభై ఏళ్ల భూస్వామి. ఎవరికీ చుట్టం కాడు, అందరికీ అవసరం. ఈ కాగితం పుస్తకంలో పెట్టుకుంటే మూడో అధ్యాయం దాటాక మళ్లీ చూడనక్కర్లేదు.

ఆరంభం నుంచీ దత్తత మాట వస్తూనే ఉంటుంది, పని మాత్రం జరగదు. ఒతీలియాకి ఆస్తి చెందాలంటే కొస్తాకె అసలు ఏం చేయాల్సింది? అంత కష్టమా? – ఒక న్యాయవాది, హన్మకొండ

కష్టం కాదు. కష్టం కాకపోవడమే ఈ నవలకి ఇరుసు.

కథ మొదలయ్యే 1909లో రుమేనియాలో అమల్లో ఉన్నది 1864లో ఆమోదించి, 1865 డిసెంబరు నుంచి అమలు చేసిన సివిల్ కోడ్. ఫ్రాన్స్‌లో నెపోలియన్ తెచ్చిన కోడ్‌కి అది దాదాపు కవల. దాని ప్రకారం సవతి కూతురికి వారసత్వం లేదు. ఎన్నేళ్లు పెంచినా లేదు. పిల్లలు లేకుండా, తల్లిదండ్రులు ముందే పోయిన మనిషి చనిపోతే ఆస్తి తోబుట్టువులకి వెళుతుంది. అంటే కొస్తాకె ఏమీ చేయకుండా కన్నుమూస్తే అంతా అగ్లాయెదే. ఆమె చేయాల్సిందల్లా కాచుకుని కూర్చోవడం. కూర్చుంటుంది కూడా.

తప్పించుకునే దారులు నాలుగున్నాయి. మొదటిది దత్తత. కోర్టు చుట్టూ తిరగాలి, నలుగురికీ తెలుస్తుంది. కొస్తాకెకి చెల్లెలి నోరంటే హడల్ కాబట్టి అక్కడే ఆగిపోతాడు. పస్కలొపోల్ గుర్తు చేసినప్పుడల్లా సరే అంటాడు, ఆ సరే మర్నాటికి చల్లారిపోతుంది.

రెండోది వీలునామా. ఇదే అన్నిటికన్నా తేలిక. ఆ కోడ్‌లో తప్పనిసరి వాటా ఉండేది సంతానానికి, తల్లిదండ్రులకి మాత్రమే; చెల్లెలికి లేదు. కాబట్టి ఆస్తి మొత్తం ఒతీలియాకి రాసినా అగ్లాయె నాకింత వాటా ఉందని అడగలేదు. పైగా సొంత దస్తూరీతో పూర్తిగా రాసి, తేదీ వేసి, సంతకం పెడితే ఆ కాగితం చెల్లుతుంది. సాక్షులు అక్కర్లేదు, నోటరీ అక్కర్లేదు. ఈ మూడింటిలో ఏది తప్పినా చెల్లదు: వేరేవాళ్ల చేత రాయించి సంతకం మాత్రం పెట్టినా, తేదీ మరిచిపోయినా అంతే. ఒక పూట పని. కాని వీలునామా రాయాలంటే తాను చచ్చిపోతానని ఒప్పుకోవాలి. కొస్తాకె ఒప్పుకోడు. ఇంకా చాలా ఏళ్లు బతుకుతానని ఆయనకి గట్టి నమ్మకం.

మూడోది డబ్బు చేతికివ్వడం. కొంత చేస్తాడు. ఎంతో గుంజాటన తర్వాత లక్ష లెయ్ (రుమేనియా నాణెం) పస్కలొపోల్ చేతిలో పెడతాడు, పిల్ల కోసం. మిగతాది తర్వాత ఇస్తానంటాడు. ఆ ‘తర్వాత’ పరుపు కిందికి వెళుతుంది.

నాలుగోది ఆయన సొంత తెలివి: ఒతీలియాకి ఇల్లు కట్టించడం. కూల్చిన ఇళ్ల నుంచి పాత ఇటుకలు, దూలాలు, తలుపులు కొని పెరట్లో పోగేస్తాడు. కూలీ ఎందుకు దండగ అని తనే మోస్తాడు. ఇల్లు లేవదు, ఆయనే పడిపోతాడు.

చూడండి, దేనికీ ‘ఇవ్వను’ అనడు. నాలుగు దారుల్లోనూ అడుగు పెడతాడు, నాలుగింటిలోనూ వాయిదా వేస్తాడు. ఒతీలియా తల్లి తెచ్చుకున్న సొమ్ము కూడా ఆయన చేతిలోనే కలిసిపోయింది కనుక న్యాయంగా అది దానం కాదు, బాకీ. ఆ మాట నవల గొంతెత్తి చెప్పదు. పాఠకుడే లెక్క వేసుకోవాలి.

మీరు న్యాయవాది కాబట్టి ఇంకొక్క మాట. 1956 హిందూ వారసత్వ చట్టంలో కూడా సవతి తండ్రి ఆస్తికి సవతి కూతురు వారసురాలు కాదు; తోబుట్టువులు రెండో తరగతి వారసులు. ఇక్కడ తేడా ఏమిటంటే, సొంత దస్తూరీతో రాసినా ఇద్దరు సాక్షుల సంతకాలు లేని వీలునామా చెల్లదు. ఆంతిమ్ వీధి పద్ధతి చూసి ఇక్కడ ఎవరూ అనుసరించకండి.

లక్ష లెయ్ అంటే మన లెక్కలో ఎంత? – ఒక పాఠకుడు, అనకాపల్లి

అప్పటి లెయ్ ఫ్రెంచి ఫ్రాంకుతో సమానం, బంగారానికి ముడిపెట్టిన నాణెం. ఒక్కోదానికి సుమారు 0.29 గ్రాముల మేలిమి బంగారం. అంటే లక్షకి 29 కిలోలు. రూపాయల్లో చూస్తే, 1909లో ఒక పౌనుకి 15 రూపాయలు, అదే పౌనుకి 25 ఫ్రాంకుల పైచిలుకు. ఆ లెక్కన లక్ష లెయ్ అప్పటి 60 వేల రూపాయలకి కాస్త తక్కువ. ఒక ఆడపిల్ల జీవితాంతం ఎవరి దయా లేకుండా బతకడానికి చాలినంత.

లెయ్ బహువచనం. ఒక్కటైతే పలికేది దాదాపు ‘లేవు’ అనే. డబ్బులు అడిగినప్పుడల్లా కొస్తాకె చెప్పే జవాబు కూడా అదే కావడం తెలుగువాళ్లకి మాత్రమే దక్కే సరదా.

కొస్తాకె మన లుబ్ధావధాని లాంటివాడేనా? – ఒక ఉపాధ్యాయిని, విజయనగరం

విజయనగరం నుంచి ఈ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. నవల మొదలయ్యేది 1909 జూలైలో. ‘కన్యాశుల్కం’ మలి కూర్పు వచ్చిందీ 1909లోనే. కాకతాళీయమే.

లుబ్ధావధానితో పోలిక కొంత దూరం వరకే నడుస్తుంది. బట్టతల, పొగతో పసుపెక్కిన పెదవులు, భయమేస్తే నత్తి. ఫెలిక్స్‌కి తండ్రి వదిలిన ఆదాయంలోంచి ఖర్చుల పద్దులు పెంచి రాస్తాడు. ఇంత డబ్బుండీ పస్కలొపోల్‌ని అప్పు అడుగుతాడు. ఇక్కడిదాకా పిసినారి వేషం పాతదే. ఫ్రెంచి నాటకాల్లో, రుమేనియా కథల్లో కూడా ఉన్నదే. కలినెస్కు చేసిన మార్పు ఒక్కటి. ఈ పిసినారి మనసులో నిజమైన మమకారం పెట్టాడు. పిల్ల గదిలోకి వస్తే ముసలాడి ముఖం విప్పారుతుంది. ఆమె కోసం దాస్తున్నానని తనకి తాను చెప్పుకుంటాడు, అది అబద్ధమూ కాదు. కాని దాచడం అలవాటైన చెయ్యి విప్పుకోదు. సాధారణంగా పిసినారి కథలో ప్రేమకీ లోభానికీ పోటీ ఉంటుంది. ఇక్కడ ఆ రెండూ ఒకే మూటలో ఉన్నాయి, ఒకటి తీయబోతే రెండోది ఊడిరాదు.

అగ్లాయెని దీనికి పక్కన పెట్టి చూడండి. ఆమెది లోభం కూడా కాదు, స్వాధీనం. అన్నయ్యకి మొదటిసారి పక్షవాతం వచ్చినప్పుడు తూల్యా కుటుంబం మొత్తం ఆ ఇంట్లో దిగుతుంది. వస్తువులేవీ గడప దాటకుండా కాపలా. మంచం మీద మనిషి ఊపిరి తీస్తుంటే వాళ్లు తింటారు, పేకాడతారు, ఏ బీరువా ఎవరికో చెప్పుకుంటారు. ఆయన కోలుకుని, కళ్లు తెరిచి అదంతా చూస్తాడు. నవలలో అన్నిటికన్నా భయంకరమైన ఘట్టం అదే, అన్నిటికన్నా నవ్వు పుట్టించేదీ అదే. మతి చెడిన భర్తని పిచ్చాసుపత్రికి పంపించేసి మళ్లీ పట్టించుకోని మనిషి నుంచి ఇంకేం ఆశిస్తాం?

గిరీశం పోలిక కావాలంటే స్తనీకని చూడండి. మాటకారి, ఏ ఇంటికైనా అడగకుండా వెళ్లగలడు, అందరి రహస్యాలూ అతనికే కావాలి. కాని గిరీశంలో ఉన్న సరదా ఇతనిలో త్వరగానే ఇంకిపోతుంది. పసిబిడ్డ చనిపోతే ఆ దుఃఖాన్ని కూడా నలుగురి ముందు వాడుకునే రకం.

ఒతీలియా డబ్బు కోసమే ముసలి భూస్వామితో వెళ్లిపోయింది కదా! దానికి మర్మం అని పేరెందుకు? – ఒక పాఠకుడు, కర్నూలు

అదొక్కటే కారణమైతే ఆమె ముందే వెళ్లిపోయేది. పస్కలొపోల్ ఆమె అడగకముందే అన్నీ ఇస్తాడు. తెరిచిన తలుపు మొదటి పేజీ నుంచీ తెరిచే ఉంది.

ముందు ఫెలిక్స్ వైపు చూద్దాం. మంచివాడు, తెలివైనవాడు, విద్యార్థిగా ఉండగానే వైద్యపత్రికలో వ్యాసం అచ్చవుతుంది. ప్రేమలో మాత్రం పసివాడు. ఒతీలియా పస్కలొపోల్‌తో బండెక్కినప్పుడల్లా ముడుచుకుపోతాడు, వచ్చాక నిలదీస్తాడు. ఆమె పారిస్ వెళ్లినప్పుడు స్తనీక పరిచయం చేసిన జార్జెతా దగ్గర ఓదార్పు వెతుక్కుంటాడు. పెళ్లి చేసుకుందామంటాడు, ఎలా బతుకుతారో చెప్పలేడు.

ఒతీలియా లెక్క వేరు. మగవాడికి ముందు చదువు, పేరు, తర్వాత ఇల్లు. దానికి పదేళ్లు పట్టినా ఫరవాలేదు. ఆడదాన్ని ఈ లోకం మెచ్చుకునే కాలం మాత్రం నాలుగైదేళ్లే, ఆ తర్వాత అడిగేవాడు లేడు అంటుంది. చేదు మాట, ఆ సమాజంలో నిజమైన మాట. పక్కింట్లో ఆవురీక ఆ మాటకి సాక్ష్యంలా ముప్ఫై ఏళ్లకే ఎండిపోయి, వీధిలో నడిచే ప్రతి మగవాడినీ లెక్కపెడుతూ, ప్రతి పెళ్లికూతురి కట్నం ఎంతో ఆరా తీస్తూ ఉంటుంది. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకి వేరే పాఠం అక్కర్లేదు.

ముసలాయన పోయాక ఒక రాత్రి ఒతీలియా ఫెలిక్స్ గదికి వస్తుంది. మర్నాడు పస్కలొపోల్‌తో పారిస్ వెళ్లిపోతుంది. తర్వాత ఉత్తరంలో రాసిన సారాంశం ఇది: ఆ రాత్రి అంతటి నిగ్రహం చూపగలిగినవాడు తన భవిష్యత్తుకి అడ్డొచ్చే ప్రేమని కూడా జయించగలడు. ఇది త్యాగమా, సాకా? ఒక్కో తరం ఒక్కోలా చదివింది. మా మటుకు మాకు రెండూ నిజమేనని తోస్తుంది. ఆమె ఆ రెంటినీ విడదీసి చూసుకునే మనిషి కాదు.

పస్కలొపోల్‌ని కూడా విలన్‌గా చూడకండి. తన ప్రేమలో తండ్రి ఎంత, మగవాడు ఎంత అని విడదీసి చూసుకోలేదని తనే ఒప్పుకుంటాడు. కథ చివర ఆమె స్వేచ్ఛ కోరితే ఇచ్చేస్తాడు కూడా. విడాకుల తర్వాత ఆమె అర్జెంటీనా వైపు ఎక్కడో ఒక ప్రభువు భార్య అయిందని రైల్లో ఫెలిక్స్‌కి చెప్పి ఫోటో చూపిస్తాడు. ఫోటోలో అందమైన, ఎవరిలాగైనా ఉండగల ఒక స్త్రీ. ఫెలిక్స్‌కి తెలిసిన పిల్ల అందులో లేదు. అన్నేళ్లు కాపురం చేసిన పస్కలొపోల్ కూడా ఆమె నాకు అర్థం కాలేదనే అంటాడు.

ఇక పేరు సంగతి, అది రచనాపద్ధతికి సంబంధించినది. కొస్తాకె మనసులోకి, ఫెలిక్స్ మనసులోకి రచయిత తీసుకెళతాడు. ఒతీలియా మనసులోకి ఒక్కసారి కూడా వెళ్లడు. ఆమెని మనం ఎప్పుడూ వేరేవాళ్ల కళ్లతోనే చూస్తాం: ఫెలిక్స్‌కి దేవత, కొస్తాకెకి చిట్టితల్లి, అగ్లాయెకి దోపిడీదారు, స్తనీకకి గడుసుపిల్ల. మర్మం ఆమెలో ఎంతుందో, చూసే కళ్లలోనూ అంతే ఉంది.

రెండుసార్లు మొదలుపెట్టి మొదటి అధ్యాయంలోనే ఆగిపోయాను. ఎలా చదవాలి? – ఒక పాఠకురాలు, ఒంగోలు

చాలామంది ఆగేది అక్కడే, కారణం కూడా ఒకటే. ఫెలిక్స్ పెట్టె పట్టుకుని రాత్రి పది గంటలకి వీధిలోకి వస్తాడు. మీరు అతని వెంట లోపలికి వెళ్లాలని చూస్తారు. రచయిత ఆపి పేజీల కొద్దీ ఇళ్లు చూపిస్తాడు: గోథిక్ కిటికీలు, గ్రీకు చూరులు, పెళ్లలు ఊడిన సున్నం, చవక గచ్చుతో చేసిన పాలరాతి వేషాలు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఇంత వాస్తుశాస్త్రం చీకట్లో ఎలా చూశాడని విమర్శకులు అడగడం న్యాయమే. కలినెస్కు మొదట విమర్శకుడు, సాహిత్య చరిత్రకారుడు. ఆ కన్ను నవలలోనూ మూసుకోలేదు.

చిట్కా ఏమిటంటే, ఆ వర్ణన మొదటిసారి పూర్తిగా చదవకండి. గంట మోగే చోటికి వెళ్లండి. ముసలాయన మెట్లు దిగివచ్చి, భయంతో నత్తిగా ‘ఇక్కడ ఎవరూ ఉండరు’ అంటాడు, తన ఇంటి గడప మీద నిలబడి! పైన ఒతీలియా పిలవడంతో గుట్టు బయటపడుతుంది. వెంటనే వచ్చే ఆట బల్ల దగ్గర మాత్రం నెమ్మదించండి. దాదాపు పాత్రలన్నీ ఆ ఒక్క దీపం చుట్టూ ఉన్నాయి. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, ఎవరు ఎవరిని దెప్పారు అన్నది చూస్తే మిగతా పందొమ్మిది అధ్యాయాలూ అక్కడే మొలకెత్తి ఉంటాయి. ఫెలిక్స్‌కి గది సిద్ధం చేయలేదు కాబట్టి ఆ రాత్రి ఒతీలియా తన గది ఇస్తుంది. ఆమెని సరిగా చూడకముందే ఆమె అద్దాలు, రిబ్బన్లు, చిందరవందరగా పడేసిన పుస్తకాలు చూస్తాం. ఆ పేజీ దాటవేయొద్దు.

పుస్తకం ముగిశాక వెనక్కి వచ్చి వీధి వర్ణన చదవండి. ఇళ్లన్నీ ఎందుకు నకిలీ వైభవంతో పెచ్చులూడుతున్నాయో అప్పుడు తెలుస్తుంది.

రచయిత మొదట వేరే పేరు పెట్టాడంటారు, నిజమా? – ఒక పరిశోధక విద్యార్థి, హైదరాబాదు

నిజమే. మొదటి పేరు ‘ఒతీలియా తల్లిదండ్రులు’. ప్రచురణకర్త సలహా మీద మార్చారు. అమ్మకానికి కొత్త పేరే మేలు చేసి ఉంటుంది కాని, నవల ఏమిటో పాత పేరే చెబుతుంది. ఒక అనాథ పిల్లకి తండ్రి స్థానంలో నిలబడాల్సినవాళ్లు ఇందులో ఎందరో: పేరు ఇవ్వనివాడు ఒకడు, డబ్బు ఇచ్చేవాడు ఒకడు, ఆ స్థానం ఖాళీ అయితే బాగుండునని కాచుకున్నవాళ్లు ఇంకొందరు. ఫెలిక్స్ కూడా అనాథే.

రచయిత జీవితం తెలిస్తే ఇది ఇంకా పదునుగా కనిపిస్తుంది. 1899 జూన్ 19న బుకారెస్ట్‌లో పుట్టినప్పుడు ఆయన ఇంటిపేరు విషన్. తల్లి మరియా విషన్‌కి పెళ్లి కాలేదు. కలినెస్కు దంపతుల ఇంట్లో పనిచేసేది. 1907లో ఆ దంపతులు పిల్లవాణ్ని చట్టప్రకారం దత్తత తీసుకున్నారు. అంటే, ఒతీలియాకి జీవితమంతా అందని ఆ కాగితం రచయితకి ఎనిమిదేళ్లకే అందింది. ఫ్రెంచి నవలాకారుడు ఫ్లోబేర్ తన నాయిక గురించి ‘ఎమ్మా నేనే’ అన్న పద్ధతిలో కలినెస్కు కూడా ‘ఒతీలియా నేనే’ అన్నాడు. తనలోని పసితనం ఆమె అని ఆయన ఉద్దేశం. విమర్శకులు దాన్ని చమత్కారంగా తీసుకున్నా, దత్తత సంగతి గుర్తుంటే అంత తేలిగ్గా కొట్టిపారేయలేం.

మీ పరిశోధనకి పనికొచ్చే ఇంకో సంగతి. 1930లలో రుమేనియా నవల ఫ్రెంచి రచయిత ప్రూస్ట్ బాటలో ‘నేను’ అంటూ లోపలికి తవ్వుకుంటోంది. కమిల్ పెత్రెస్కు 1930 నాటి యుద్ధ నవల దానికి పేరుమోసిన ఉదాహరణ. కలినెస్కు పట్టుబట్టి అంతకు ముందు తరం ఫ్రెంచి నవలాకారుడు బాల్జాక్ వైపు వెళ్లాడు: ఇల్లు, డబ్బు, వారసత్వం, తేదీ, వీధి పేరు. మూడేళ్ల తర్వాత 1941లో రుమేనియా సాహిత్య చరిత్ర అంతా ఒకే పెద్ద గ్రంథంగా తెచ్చాడు. రుమేనియాలో పదో తరగతి దాటిన పిల్లలకి ఆయన తప్పడు: ఇంటర్ స్థాయి ‘బాక్’ పరీక్షకి నిర్ణయించిన 17 మంది రచయితల్లో కలినెస్కు ఒకడు.

భూమి కోసం ఒక రైతు ఇష్టం లేని పిల్లని పెళ్లాడే రుమేనియా నవల కూడా ఇదేనా? – ఒక పాఠకుడు, నల్గొండ

కాదు. అది లివియు రెబ్రెయాను రాసిన ‘ఇయోన్’, 1920. ట్రాన్సిల్వేనియా పల్లెటూరి కథ. ఇయోన్ ప్రేమించింది ఫ్లోరీకాని, పెళ్లాడింది పొలాలున్న ఆనాని. రెండూ లోభం కథలే అయినా ‘ఇయోన్’లో లోభం చెమటోడుస్తుంది, ఆంతిమ్ వీధిలో పేకాడుతుంది. ముందు ఏది చదవాలంటే, వ్యవసాయం ఎరిగిన వాళ్లు ‘ఇయోన్’తో మొదలుపెట్టండి.

ఉద్యోగం పని మీద బుకారెస్ట్ వెళుతున్నాను. ఆ ఇల్లు చూడొచ్చా? – ఒక పాఠకుడు, హైదరాబాదు

ఇల్లు కల్పితం. ఫలకం, మ్యూజియం లాంటివి వెతకకండి. వీధి నిజం. 1713–1715 మధ్య మతాచార్యుడు ఆంతిమ్ ఇవిరెయానుల్ కట్టించిన మఠం పేరే ఆ వీధికి వచ్చింది. మఠం ఇప్పటికీ ఉంది. ఉనిరి మెట్రో స్టేషన్లో దిగితే నడిచి వెళ్లొచ్చు. కాని పెద్ద రోడ్డు మీద నుంచి కనిపించదు, ఎత్తైన అపార్ట్‌మెంట్ల వెనక దాగి ఉంటుంది.

దానికి కారణం 1980లు. 1977 మార్చి 4 భూకంపం తర్వాత నియంత చౌషెస్కు ప్రభుత్వం నగరం నడిబొడ్డున పాత పేటల్ని నేలమట్టం చేసి, 1984లో ‘ప్రజా భవనం’ మొదలుపెట్టింది. దాని ముందు వేసిన బుల్వార్ (విశాలమైన రాజవీధి) పాత వీధుల్ని కోసేసింది. కొన్ని చర్చిల్ని ఇంజనీర్ యూజెన్యు యొర్దకెస్కు బృందం పునాదుల నుంచి విడదీసి, కింద కాంక్రీటు పళ్లెం పోసి, పట్టాల మీద జరిపి కాపాడింది. ఆంతిమ్ మఠంలోని ధర్మసభ భవనాన్నీ అలాగే జరిపారు.

మఠం చుట్టుపక్కల మిగిలిన సందుల్లో సాయంత్రం పూట తిరగండి. పెచ్చులూడిన అలంకారాలు, చెక్క మెట్లు, పెరట్లో చెట్లు ఇంకా అక్కడక్కడ కనిపిస్తాయి. నవల చివర, యుద్ధం తర్వాత, పేరున్న డాక్టరైన ఫెలిక్స్ ఒక ఆదివారం ఇక్కడికే వచ్చి పాడుబడిన ఇంటి ముందు నిలబడతాడు. పద్దెనిమిదేళ్లప్పుడు విన్న ‘ఇక్కడ ఎవరూ ఉండరు’ అనే మాట చెవిలో మోగుతుంది. అప్పుడు అబద్ధం, ఇప్పుడు నిజం.

సినిమా ఉందా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

ఉంది. ‘ఫెలిక్స్, ఒతీలియా’, 1972, దర్శకుడు యూలియన్ మిహు. ఒతీలియాగా జూలియెతా సోని, పస్కలొపోల్‌గా సెర్జియు నికొలయెస్కు, స్తనీకగా గెయోర్గె దినీక. దినీక కోసమైనా చూడండి. పుస్తకం ముందు, సినిమా తర్వాత. తిరగేస్తే ఒతీలియాకి ఒకే ముఖం స్థిరపడిపోతుంది, రచయిత అంత శ్రమపడి దాచింది పోతుంది.

పరుపు కింద డబ్బు చివరికి ఎవరికి చేరింది? అది కాజేసినవాడికి శిక్ష పడిందా? – ఒక పాఠకుడు, రాజమండ్రి

స్తనీకకి. కాపలాలో ఎవరూ లేని సమయం కనిపెట్టి, లేవలేని ముసలాయన కింద నుంచి మూట లాక్కున్నాడు. కొస్తాకె ‘దొంగా’ అని అరుస్తూ ప్రాణం వదిలాడు. ఇల్లు చట్టప్రకారం అగ్లాయెకి వెళ్లింది, అంత కాపలా కాసిన డబ్బు మాత్రం అల్లుడి జేబులోకి పోయింది. శిక్ష ఏమీ పడలేదు. ఒలింపియాని వదిలేశాడు, జార్జెతాని పెళ్లాడాడు. కథ ముగిసేసరికి బుకారెస్ట్‌లో ఒక బుల్వార్ మీద మేడ కట్టి అద్దెలు వసూలు చేసుకుంటున్నాడు.